మేనకోడలికి, కంప్యూటర్ పరీక్ష గురించి

తిరుపతి,
ఆదివారం సాయంత్రం

అమ్మాయీ,

ఆశీస్సులు. పొద్దున ఫోన్లో "మామా, తొమ్మిదో తరగతి వాళ్ళందరికీ వచ్చే నెల కంప్యూటర్ మీద పరీక్షంట, అంతా నేనే చూసుకోవాలంట" అన్నావే, అప్పుడు నీ గొంతులో టెన్షన్ బాగానే తెలిసింది. నాకు తోచింది సగం చెప్పాను. మిగతా సగం మీ అత్త కాఫీ తెచ్చి పెట్టేసరికి మర్చిపోయాను. మళ్ళీ మర్చిపోకముందే రాసి పంపుతున్నా.

నీకిది మరీ కొత్తేం కాదు. 2025 జూన్‌లో 16,347 పోస్టుల డీఎస్సీ నువ్వు రాసింది కంప్యూటర్ మీదే. కాకపోతే అప్పుడు నువ్వు కుర్చీలో కూర్చున్నావు. వెనక సర్వర్ గదిలో ఎవరు చెమటలు కక్కారో నీకు కనపడలేదు. ఇప్పుడు ఆ చెమట నీ వంతు. మీ హెచ్‌ఎం గారు కొత్తగా చేరిన దాన్ని చూసి అంటగట్టారని అన్నావు. అంటగట్టనీ. మన రాష్ట్రంలో ఎంసెట్ (ఇప్పుడు దాని పేరు ఈఏపీసెట్) 2017 నుంచి కంప్యూటర్ మీదే జరుగుతోంది, జేఈఈ మెయిన్ ఇంజనీరింగ్ పేపరు 2019 నుంచి. మీ పిల్లలు నాలుగేళ్ళు తిరక్కుండా ఆ గదుల్లోకి పోవాల్సినవాళ్ళే. మొదటిసారి మౌస్ పట్టుకోవడం అక్కడ కాకుండా నీ ల్యాబ్‌లో జరిగితే మంచిదే కదా.

నువ్వు అడిగిన మొదటి ప్రశ్న సిస్టమ్‌ల గురించి. నేను మాత్రం పిల్లల చేతుల దగ్గర మొదలుపెడతాను.

నేను ల్యాబ్ చూసే రోజుల్లో ఒక పిల్లాడు ఉండేవాడు. లెక్కల్లో దిట్ట. మొదటి ప్రాక్టీసు పరీక్షలో స్క్రీన్ మీద వేలు పెట్టి జవాబు నొక్కాడు. కదల్లేదు. మళ్ళీ నొక్కాడు. మూడోసారి చొక్కా అంచుతో స్క్రీన్ తుడిచి నొక్కాడు. ఇంట్లో ఫోన్ అలాగే పనిచేస్తుంది కదా మరి. నేను దూరం నుంచి చూస్తూనే ఉన్నాను కానీ ఏం చేస్తున్నాడో అర్థం కాలేదు. వాడికి 25కి 9 వచ్చాయి. వారం తర్వాత అదే పేపరు కాగితం మీద ఇస్తే 22. ఆ 13 మార్కులు లెక్కలవి కావు, మౌస్‌వి. ఆ రోజు నుంచి నేను చేసిన ఏర్పాట్లన్నీ ఆ 13 మార్కుల కోసమే.

అందుకని ఈ వారంలోనే ఒక్కో సెక్షన్‌ని ల్యాబ్‌కి తీసుకుపో. పరీక్ష మాట ఎత్తకు. మౌస్ పట్టుకోవడం, ఒక్క క్లిక్కు, చక్రం తిప్పి పేజీ కిందికి జరపడం, అంతవరకే. ఎడమచేతి వాటం పిల్లలు ఎవరో రాసిపెట్టుకో, వాళ్ళ మౌస్ అటు పక్కకి మార్చాలి. రెండో పీరియడ్‌లో పరీక్ష స్క్రీన్ చూపించు. అక్కడ పిల్లలు పడే గుంత ఒకటుంది. జవాబు మీద క్లిక్ చేసి, "సేవ్ అండ్ నెక్స్ట్" నొక్కకుండా, పక్కనున్న నంబర్ల పెట్టెలో ఇంకో ప్రశ్న నంబరు నొక్కుతారు. జేఈఈ లాంటి పరీక్షల స్క్రీన్‌లో అలా చేస్తే ఆ జవాబు సేవ్ కాదు. పిల్లాడు మాత్రం రాశాననే అనుకుంటాడు. మీ సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుందో ముందు నువ్వు నొక్కి చూడు, తర్వాత పిల్లల చేత చేయించు. నోటితో చెబితే ఎక్కదు.

ఆ నంబర్ల పెట్టెలో రాసినవి ఆకుపచ్చ, వదిలేసినవి ఎరుపు, మళ్ళీ చూద్దామనుకున్నవి ఊదా రంగులో వస్తాయి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని పిల్లలు కొందరుంటారు, ముఖ్యంగా మగపిల్లల్లో. వాళ్ళకే ఆ సంగతి తెలియకపోవచ్చు. డ్రాయింగ్ మాస్టారుని అడుగు, ఆయనకు ఎప్పుడో అనుమానం వచ్చి ఉంటుంది.

ఇక తెలుగు. మీ నగరి పిల్లల్లో చాలామంది ఇంట్లో తమిళం మాట్లాడతారు, బళ్ళో తెలుగు, ఇంగ్లీషు చదువుతారు. ప్రశ్న రెండు భాషల్లోనూ కనపడితే వాళ్ళకు ఎంత ధైర్యమో. కానీ పాత సిస్టమ్‌లలో తెలుగు అక్షరాలకు బదులు డబ్బాలు వస్తాయి, లేదా ఒత్తులు విడిపోయి పక్కన కూర్చుంటాయి. "స్త్రీ", "క్ష", "జ్ఞానం", "రాష్ట్రం" అనే నాలుగు మాటలు ప్రతి సిస్టమ్‌లోనూ తెరిచి చూడు. ఒక సిస్టమ్‌లో బాగుంది కాబట్టి అన్నింట్లోనూ బాగుంటుందని వదిలెయ్యకు. స్క్రీన్ సైజు తేడా వల్ల నాలుగో ఆప్షన్ కిందికి పోయి కనపడకుండా ఉండొచ్చు, అదీ చూడు. మూడు ఆప్షన్లే ఉన్నాయనుకుని రాసేసిన పిల్లలను నేను చూశాను.

సిస్టమ్‌ల విషయానికొస్తే, 24 ఉన్నాయి, రెండు పనిచేయవు అన్నావు. మిగిలిన 22లో 20 మందినే కూర్చోబెట్టు. పదికి ఒకటి చొప్పున రెండు స్పేర్‌గా, ఆన్ చేసి, లాగిన్ పేజీ తెరిచి ఉంచు. ఆఫ్ చేసి మూలన పెట్టింది స్పేర్ కిందికి రాదు. 118 మందికి ఆరు బ్యాచ్‌లు పడతాయి, రోజుకు మూడు, రెండు రోజులు. బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ మధ్య కనీసం 40 నిమిషాలు వదులు. పావుగంట చాలని మీవాళ్ళు అంటారు. చాలదు.

సెలవుల తర్వాత ల్యాబ్ తెరిస్తే ముందు వైర్లు చూడు. సిస్టమ్‌లను సర్వర్‌కి కలిపే ల్యాన్ కేబుల్ అంటే ఎలుకలకు మహా ఇష్టం. కేబుల్ చివర ప్లాస్టిక్ క్లిప్పు విరిగిపోతే చాలా చోట్ల పుత్తూరు కట్టు కట్టినట్టు టేపు చుట్టి వదిలేస్తారు. ఎముకైతే అతుక్కుంటుంది గానీ ఇది అతుక్కోదు. పిల్లాడి కాలు తగిలితే చాలు, కనెక్షన్ ఊడిపోతుంది. కొత్త క్లిప్పు వేయించు.

ఇంకొకటి. ఆన్ చేయగానే తేదీ ఎప్పుడో 2009 అనో 2012 అనో చూపించే సిస్టమ్ ఉంటే, దాని లోపల బిళ్ళలాంటి సెల్ అయిపోయిందని అర్థం. సీఆర్ 2032 అంటే ఏ షాపులోనైనా ఇస్తారు, వంద రూపాయలు కూడా కాదు. తేదీ తప్పుంటే లాగిన్ పేజీయే తెరుచుకోదు, నువ్వేమో ఇంటర్నెట్‌ని తిట్టుకుంటూ కూర్చుంటావు. విండోస్ అప్‌డేట్‌లు పరీక్షకు రెండు మూడు రోజుల ముందే పూర్తి చేయించి, ఆ వారం ఆపించు. స్లీప్‌లోకి పోయే సెట్టింగు తీసెయ్యి.

ఇంటర్నెట్ గురించి సాఫ్ట్‌వేర్ ఇచ్చినవాళ్ళని ఒకటే ప్రశ్న అడుగు: "నెట్ పోతే పరీక్ష ఆగుతుందా?" పెద్ద పరీక్షల్లో పేపరు ముందే తాళం వేసిన రూపంలో సెంటర్‌లోని సర్వర్‌కి వస్తుంది, పిల్లల జవాబులూ అక్కడే చేరతాయి. మధ్యలో నెట్ పోయినా పిల్లలకు తెలియదు. మీది అలాంటిదైతే అదృష్టం. కాకపోతే వేరే కంపెనీ సిమ్‌తో హాట్‌స్పాట్ సిద్ధంగా ఉంచు, అది 20 సిస్టమ్‌లను మోస్తుందో లేదో ముందే చూడు.

కరెంటు విషయంలో నా పరువు పోయిన కథ చెబుతాను, నవ్వుకో. నేను ఒక స్కూల్లో పరీక్ష పెట్టిస్తున్నాను. పాతిక మంది పిల్లలు, అంతా సాఫీగా సాగుతోంది. అటెండెన్స్ షీట్ కావాలని ఆఫీసు నుంచి వచ్చినాయన లేజర్ ప్రింటర్ తెచ్చి, దగ్గర్లో కనపడ్డ సాకెట్‌లో పెట్టి ఆన్ చేశాడు. అది యూపీఎస్ లైను, అంటే కరెంటు పోయినా సిస్టమ్‌లను బ్యాటరీ మీద నడిపే లైను. లేజర్ ప్రింటర్ వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా కరెంటు లాగుతుంది. యూపీఎస్ టక్కుమంది, పాతిక స్క్రీన్లు నల్లబడ్డాయి. ఫ్యాన్లు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి, అది ఇంకా వింతగా ఉండింది. ఒక పిల్ల ఏడ్చింది, వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. మళ్ళీ మొదలుపెట్టడానికి 11 నిమిషాలు పట్టింది. ఆయన మీద కేకలు వేశాను. ఇంటికొచ్చాక ఆలోచిస్తే తప్పు నాదే. ఏ సాకెట్ యూపీఎస్‌దో ఆయనకెలా తెలుస్తుంది? మర్నాడు మీ అత్త ఎర్ర గోళ్ళరంగు సీసా తీసుకుపోయి ప్రతి యూపీఎస్ సాకెట్ మీదా చుక్క పెట్టాను. నువ్వు ఇంకా మంచి లేబుల్ అతికించుకో.

యూపీఎస్ మీద రెండు గంటల బ్యాకప్ అని రాసి ఉంటే నమ్మకు. అది కొత్త బ్యాటరీల మాట. మన వైపు ఎండలు 40 దాటుతాయి, ఆ వేడికి బ్యాటరీలు తొందరగా ముసలివవుతాయి. 20 సిస్టమ్‌లూ ఆన్ చేసి, మెయిన్ ఆఫ్ చేసి, వాచీ పెట్టి చూడు. అరగంట నిలబడితే జనరేటర్ ఎక్కించే టైముంటుంది. జనరేటర్ కూడా వారం ముందు నుంచి రెండు మూడుసార్లు తిప్పించు, డీజిల్ ఉన్నా దాని సొంత బ్యాటరీ చచ్చి ఉంటే లేవదు. మీ బడి చుట్టూ మరమగ్గాలున్నాయన్నావు. అవన్నీ ఒక్కసారి ఆన్ అయ్యే వేళకు లైట్లు మసకబారుతున్నాయేమో ఒక రోజంతా గమనించు. పరీక్ష తేదీలు రాసి కరెంటు వాళ్ళ (ఎస్పీడీసీఎల్) సెక్షన్ ఆఫీసులో ముందే ఒక లెటర్ ఇవ్వు. లైన్ పనులు ఆ రోజు పెట్టుకోకుండా చూడమని అడుగు. కరెంటు ఫిర్యాదులకు 1912 నంబరు గోడ మీద రాసిపెట్టు.

ఇప్పుడు టీచర్ల సంగతి, నాకు ఇదే కష్టమనిపించింది. కంప్యూటర్ బాగా తెలిసినవాళ్ళను ఇన్విజిలేటర్లుగా వేద్దామని అందరికీ అనిపిస్తుంది. వాళ్ళే మౌస్ లాక్కుని "ఇలా చెయ్యి" అని చూపించేస్తారు. చూపించేటప్పుడు ఒక జవాబు మారిపోతే ఎవరు బాధ్యులు? పిల్లల మౌస్ ఎవరూ ముట్టుకోకూడదు. స్క్రీన్ ఆగిపోతే పిల్ల చెయ్యెత్తాలి, ఇన్విజిలేటర్ నిన్ను పిలవాలి, నువ్వు మాత్రమే ముట్టుకుని పుస్తకంలో టైముతో సహా రాయాలి. మా స్కూల్లో ఉత్తమ ఇన్విజిలేటర్ ఎవరో తెలుసా? కంప్యూటర్ అంటే భయపడే మా తెలుగు పండితులు. "నాకేం తెలియదు నాయనా, చెయ్యెత్తు, సార్ వస్తారు" అని ఆ మెత్తటి గొంతుతో అంటే గది మొత్తం నెమ్మదించేది. మీ స్టాఫ్‌లో అలాంటి పెద్దవాళ్ళు ఉంటారు, వాళ్ళను వదులుకోకు.

ఒకరు లోపల, ఒకరు గుమ్మం దగ్గర, ఒకరు యూపీఎస్, జనరేటర్ చూడటానికి, నువ్వు సర్వర్ దగ్గర. అంతే. నీకు ఆ రోజు జ్వరం వస్తే సర్వర్ దగ్గర ఎవరు? ఆ మనిషిని ఇప్పుడే పక్కన పెట్టుకుని నేర్పు.

రఫ్ కాగితాలు తప్పకుండా ఇవ్వాలి. స్క్రీన్ మీద లెక్క చెయ్యమంటే ఎవరూ చెయ్యలేరు. ప్రతి కాగితం మీద నంబరు వేసి, పోయేటప్పుడు లెక్క ప్రకారం వెనక్కి తీసుకో, లేదంటే ప్రశ్నలు తర్వాతి బ్యాచ్‌కి ఆ కాగితాల మీదే నడిచిపోతాయి. ఆరు బ్యాచ్‌లకూ ఒకే పేపరైతే మధ్యాహ్నానికే అందరికీ తెలిసిపోతుంది. కనీసం రెండు మూడు సెట్లు అడుగు. సహాయకుడితో రాసే దివ్యాంగ పిల్లలుంటే గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలని కేంద్ర మార్గదర్శకాల్లో ఉంది. కాగితం మీదైతే నోటితో ఇచ్చేస్తాం, ఇక్కడ సాఫ్ట్‌వేర్‌లో ఆ టైము ముందే పెట్టించాలి. గంట అవ్వగానే స్క్రీన్ మూసుకుపోతే నీ దయాగుణం పనికిరాదు. ఆ పిల్లలను ఆఖరి బ్యాచ్‌లో వెయ్యి.

వచ్చే నెల అంటే నవంబరు. వాయుగుండాల కాలం. 2021 నవంబరులో తిరుపతి వీధులు చెరువులైంది నీకు గుర్తుండే ఉంటుంది. రెండు రోజుల పరీక్షకు మూడో రోజు ఒకటి హెచ్‌ఎం గారి చేత ఇప్పుడే రాయించి పెట్టుకో.

చివరికి మాక్ టెస్ట్. పరీక్షకు వారం ముందు, 20 మంది నిజం పిల్లలతో, అసలు టైముకే, ఫ్యాన్లు లైట్లు అన్నీ వేసి జరపాలి. చాలామంది ఐదు సిస్టమ్‌లు ఆన్ చేసి "అంతా ఓకే" అంటారు. పరీక్ష మధ్యలో, ఎవరికీ చెప్పకుండా, మెయిన్ ఆఫ్ చెయ్యాలి. తర్వాత ఒక సిస్టమ్ ప్లగ్గు పీకి, ఆ పిల్లను స్పేర్ సిస్టమ్‌లో కూర్చోబెట్టి చూడాలి. ఆమె రాసిన జవాబులు ఉన్నాయా? గడియారం ఆగిన చోటి నుంచి మొదలైందా, లేక పోయిన నిమిషాలు ఆమె ఖాతాలోనే పడ్డాయా? పడితే ఆ నిమిషాలు తిరిగి ఎవరు ఇవ్వగలరు, ఎక్కడ నొక్కాలి, అది కాగితం మీద రాసుకో.

నువ్వు ఆ రోజు మెయిన్ ఆఫ్ చెయ్యడానికి జంకుతావు, నాకు తెలుసు. తేదీ చెప్పు, పొద్దున్నే బస్సెక్కి రేణిగుంట, పుత్తూరు మీదుగా తొమ్మిదికల్లా దిగుతా. ఆ పని నేను చేస్తాను, తిట్లు నేను తింటాను. మీ అత్త ఉసిరికాయ పచ్చడి పంపుతుందంట, ఖాళీ సీసా ఉంచు.

సర్వర్ పాస్‌వర్డ్ కాగితం మీద రాసి, కవర్లో పెట్టి, హెచ్‌ఎం గారి బీరువాలో పెట్టించావా? నీ ఒక్కదాని బుర్రలోనే ఉందా? రాత్రికి ఫోన్ చేసి ఆ సంగతి చెప్పు.

మీ మామ