ఫోన్‌లో ‘మేడమ్‌’ అంటున్నారు.. నా గొంతు మారుతుందా?

ప్రశ్న: నా వయసు 20. గడ్డం, మీసం బాగానే వచ్చాయి కానీ గొంతు చిన్నప్పటిలాగే సన్నగా ఉంది. ఫోన్‌ ఎత్తితే అవతలివాళ్లు ‘మేడమ్‌’ అంటున్నారు. దగ్గినప్పుడు మాత్రం మగగొంతే వస్తోంది. జిమ్‌లో తెలిసినవాళ్లు టెస్టోస్టిరాన్‌ ఇంజెక్షన్లు తీసుకోమంటున్నారు. తీసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, జగిత్యాల

సమాధానం: ఆ ఇంజెక్షన్ల జోలికి వెళ్లకండి. సగం జవాబు మీ ప్రశ్నలోనే ఉంది. దగ్గులో మగగొంతు పలుకుతోందంటే మీ స్వరపేటిక ఎదిగినట్టే. దాన్ని వాడే తీరు మాత్రం పదేళ్ల పిల్లాడిదిగా ఉండిపోయి ఉండొచ్చు. దీన్ని ప్యూబర్‌ఫోనియా అంటారు. స్పీచ్‌ థెరపీకి చక్కగా లొంగే సమస్య ఇది.

గొంతు సన్నమా, లావా అన్నది స్వరతంత్రుల పొడవు, మందం, బిగువును బట్టి ఉంటుంది. వీణ తీగ లెక్కే. మామూలుగా మాట్లాడేటప్పుడు ఇవి మగవారిలో సెకనుకు సుమారు 100–130 సార్లు, ఆడవారిలో 190–220 సార్లు, చిన్నపిల్లల్లో 250కి పైగా కంపిస్తాయి. ఈడొచ్చే వయసులో మగపిల్లల స్వరపేటిక పెరిగి కిందికి దిగుతుంది, తంత్రులు పొడవై మందమెక్కుతాయి. కొందరిలో తంత్రులను సాగదీసే క్రికోథైరాయిడ్‌ కండరం పట్టు సడలదు, స్వరపేటిక పైకి లాక్కుని ఉంటుంది. అప్పుడు తంత్రుల సన్నటి అంచులే ఎక్కువగా కంపిస్తాయి. దగ్గే క్షణంలో ఆ పట్టు తప్పుతుంది కాబట్టి అసలు గొంతు బయటపడుతుంది.

మనిషికీ మనిషికీ గొంతు తేడా రావడానికి ఇంకో కారణం స్వరతంత్రుల నుంచి పెదవుల దాకా ఉండే గొట్టం. బిందెలో నీళ్లు పడుతుంటే నిండేకొద్దీ శబ్దం సన్నబడటం గమనించే ఉంటారు. లోపలి గాలి జాగా పొట్టిదయ్యేకొద్దీ అలా మారుతుంది. ఈ గొట్టం మగవారిలో సుమారు 17 సెంటీమీటర్లు, ఆడవారిలో 14 సెంటీమీటర్లకు కాస్త అటూఇటూ. దాని ఆకారం, నాలుక, అంగిలి తీరు ఏ ఇద్దరిలోనూ అచ్చంగా ఒకేలా ఉండవు. అందుకే ఒకే శ్రుతిలో పలికినా ఇద్దరి ‘ఆ’ వేరుగా వినిపిస్తుంది. ఇక ఫోన్‌లో మీ మీసం కనిపించదు, పైగా హెచ్‌డీ కాని పాత తరహా కాల్‌లో 300 హెర్ట్జ్‌ (సెకనుకు 300 కంపనాలు) కన్నా కింది ధ్వని దాదాపుగా వెళ్లదు. గొంతులోని బరువు తగ్గి, శ్రుతే ముఖ్యమైన ఆనవాలుగా మిగులుతుంది.

ముందుగా ఈఎన్‌టీ వైద్యులతో వీడియో లారింగోస్కోపీ (కెమెరాతో స్వరపేటికను చూసే పరీక్ష) చేయించుకోండి. తంత్రులపై గాడి, పొర, పక్షవాతం లాంటివి లేవని తేలాలి. వినికిడి పరీక్ష కూడా అవసరమే. తన శ్రుతి తనకు సరిగా వినపడకపోయినా గొంతు దారి తప్పుతుంది. మీకు గడ్డం వచ్చింది కాబట్టి హార్మోన్ల లోపం ఉండే అవకాశం తక్కువ. వృషణాలు చిన్నపిల్లల్లో ఉన్నంతే ఉన్నా, వాసన తెలియకపోయినా అప్పుడు ఉదయం పూట టెస్టోస్టిరాన్‌తో పాటు ఎల్‌హెచ్‌, ఎఫ్‌ఎస్‌హెచ్‌ (మెదడు నుంచి వృషణాలకు సంకేతం తీసుకెళ్లే హార్మోన్లు) పరీక్షలు చేయాలి. లోపం లేకుండా బయటి నుంచి టెస్టోస్టిరాన్‌ ఎక్కిస్తే మెదడు నుంచి వృషణాలకు వెళ్లే సంకేతం ఆగిపోతుంది, వీర్యకణాలు పడిపోతాయి. కండరం పట్టు మాత్రం దానితో సడలదు.

థెరపీ దగ్గుతోనే మొదలవుతుంది. గడ్డం కాస్త దించి, చిన్నగా దగ్గి, ఆ దగ్గు తోకనే ‘ఆ..’ అని సాగదీయాలి. గొంతుముడి మీద వేలు ఆనిస్తే అది పైకి జారుతోందో లేదో తెలుస్తుంది. జారితే ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. థెరపిస్టు గొంతుముడిని ముందు నుంచి వెనక్కి, కాస్త కిందికి మృదువుగా నొక్కి కూడా ఆ శ్రుతిని రప్పిస్తారు. తంత్రులు వదులయ్యేది ఈ ఒత్తిడితోనే. వారు చూపించకుండా మీరే నొక్కుకోవద్దు, మెడ పక్కల అసలే వద్దు, అక్కడ మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమనులుంటాయి. శ్రుతి దొరికాక ‘మా, మో’, తర్వాత ‘అమ్మ, మామ’, ఒకటి నుంచి పది అంకెలు, చిన్న వాక్యాలు, చివరికి ఫోన్‌ సంభాషణ. ఒకేసారి గంటసేపు కాకుండా ఐదేసి నిమిషాల చొప్పున రోజుకు ఐదారుసార్లు చేయండి. చాలామంది తొందరపడి గొంతును బలవంతంగా అదిమి బొంగురు చేసుకుంటారు. నొప్పి పుట్టిందంటే పద్ధతి తప్పినట్టే. గుసగుసగా మాట్లాడటం, పదేపదే గొంతు సవరించుకోవడం మానండి.

రిహాబిలిటేషన్‌ కౌన్సిల్‌ ఆఫ్‌ ఇండియాలో నమోదైన స్పీచ్‌ థెరపిస్టు దగ్గరికే వెళ్లండి. సికింద్రాబాద్‌లోని అలీ యావర్‌ జంగ్‌ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రంలో, మైసూరులోని అఖిల భారత వాక్‌ శ్రవణ సంస్థలో ఈ సేవలున్నాయి. మొదటి రోజే కొత్త గొంతు పలికే వాళ్లూ ఉంటారు, అది అలవాటుగా స్థిరపడటానికి మాత్రం వారాలు పడుతుంది. థెరపీ శ్రద్ధగా చేసినా ఫలితం లేకపోతే టైప్‌–3 థైరోప్లాస్టీ అనే శస్త్రచికిత్స ఉంది. స్వరపేటిక ముందున్న మృదులాస్థిలోంచి సన్నటి పట్టీ తీసేసి తంత్రుల బిగువు తగ్గిస్తారు. అందాకా వెళ్లాల్సి రావడం అరుదు.

కొత్త గొంతు మొదట మీకే పరాయిగా, మరీ లావుగా అనిపిస్తుంది. మన మాట మనకు గాలి ద్వారానే కాక పుర్రె ఎముకల ద్వారా కూడా చేరుతుంది, ఆ దారిలో కింది స్థాయి ధ్వనులు బాగా వినిపిస్తాయి. అందుకే మీ చెవి తీర్పును నమ్మి వెనక్కి తగ్గకండి. రోజూ ఒకే పేరా చదివి ఫోన్‌లో రికార్డు చేసి, ప్రాట్‌ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో శ్రుతి ఎన్ని హెర్ట్జ్‌ ఉందో చూసి రాసిపెట్టుకోండి. ఆ అంకెలు థెరపిస్టుకు చూపించండి.