తేదీలు వెనక్కి లెక్కపెట్టుకో

అమ్మలూ,

పరాయి దేశంలో స్థిరంగా ఉండటానికి వీసా పెట్టుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. పొంగిపోయాను. ఆ వెంటనే పరీక్ష రోజు పొద్దున హాల్‌టికెట్ వెతుక్కునే నీ అలవాటు గుర్తొచ్చి ఈ ఉత్తరం రాస్తున్నాను.

చిన్నవి ముందు. పాస్‌పోర్టుకి గడువు తక్కువుంటే మొదట రెన్యూ చేయించు, మిగతా కాగితాలన్నీ ఆ నంబరు మీదే నడుస్తాయి. రెండు పేజీలైనా ఖాళీగా ఉండాలి. ఫొటో కొలతలు దేశాన్ని బట్టి: యూరప్‌కి 35కి 45 మిల్లీమీటర్లు, అమెరికాకి రెండంగుళాల చదరం. ఇదివరకు ఏ వీసా అయినా తిరస్కరించి ఉంటే దాచకుండా రాసెయ్. తిరస్కరణను క్షమిస్తారు, దాచినదాన్ని క్షమించరు.

ఇక నా భయం. నిర్ణయం తీసుకున్న మర్నాడే అందరూ పోలీస్ క్లియరెన్స్‌కి, అంటే నేరచరిత్ర లేదని చెప్పే పత్రానికి, పరిగెడతారు. తేలిగ్గా వచ్చే కాగితం కదా, చేతికి రాగానే సగం పని అయిపోయినట్టుంటుంది. కానీ జారీ అయిన రోజు నుంచే దాని ఆయుష్షు తరుగుతుంది. చాలా దేశాలు మూడు నుంచి ఆరు నెలల లోపుదే తీసుకుంటాయి. అపాయింట్‌మెంట్ దొరికేసరికి గడువు దాటితే, దాని మీద వేయించిన అపోస్టిల్ (పరాయి దేశంలో చెల్లడానికి ప్రభుత్వం వేసే ధ్రువీకరణ), చేయించిన అనువాదం కూడా దండగే.

అందుకే అపాయింట్‌మెంట్ నుంచి వెనక్కి లెక్కపెట్టు. జూన్ 20న అపాయింట్‌మెంట్, 90 రోజుల నియమం అనుకో. మార్చి 22కి ముందు జారీ అయినదేదీ పనికిరాదు. ఏప్రిల్ 15న తీసుకుంటే ఆ రోజుకి 66 రోజులవుతాయి, ఇంకా 24 చేతిలో ఉంటాయి. తేదీ ఓ రెండు వారాలు జరిగినా కంగారుండదు. ఆ 90 రోజులు దరఖాస్తు ఇచ్చే రోజుకా, వీసా ఇచ్చే రోజుకా? ఇది మాత్రం ఈమెయిల్‌లో అడిగి జవాబు దాచుకో.

వరస తప్పకు: అసలు పత్రం, దానికి అపోస్టిల్, ఆఖర్న అనువాదం. అనువాదం ముందే చేయిస్తే అపోస్టిల్ మీది మాటలు అందులో ఉండవు, కౌంటర్‌లో తిప్పి పంపుతారు. పత్రం మీది సంతకం, ముద్ర అసలువేనని మాత్రమే అపోస్టిల్ చెబుతుంది. 1961 హేగ్ ఒప్పందంలో ఉన్న దేశాల మధ్యే చెల్లుతుంది, మిగతావాటికి ఎంబసీ అటెస్టేషన్ కావాలి. కెనడాలో ఆ ఒప్పందం 2024 జనవరిలోగానీ అమలుకి రాలేదు, కాబట్టి అయిదేళ్ల కిందట వెళ్లినవాళ్ల సలహా గుడ్డిగా పాటించకు. కాగితాలకి కొట్టిన పిన్ను పీకి స్కాన్ చేయకు. లామినేషన్ చేసిన సర్టిఫికెట్‌కి చాలాచోట్ల అపోస్టిల్ వేయరు. నీ డిగ్రీకి మురిసిపోయి లామినేషన్ చేయించింది మేమే, కోప్పడకు. పొర పీకబోయి చింపేయకుండా డూప్లికేట్‌కి ఇప్పుడే అప్లై చెయ్యి.

మీ నాన్న డబ్బు సర్దుతానంటే ఇప్పుడే వేయమను, ఎక్కడిదో చెప్పే కాగితంతో సహా. దరఖాస్తుకి వారం ముందు ఖాతాలో ఊడిపడిన పెద్ద మొత్తాన్ని ఎవరూ నమ్మరు.

పాస్‌పోర్టు మీద వీసా పడేదాకా ఉద్యోగం మానకు, డబ్బు తిరిగిరాని టికెట్ కొనకు. ఈ రెండిట్లో ఏది చేసినా తిడతాను, నిజంగానే. వీసా వచ్చాక పేరు, తేదీలు, ఎన్నిసార్లు లోపలికి వెళ్లొచ్చో అక్కడే నిలబడి చూసుకో. దిగాక కూడా పనుంటుంది: పోర్చుగల్ నివాస వీసా నాలుగు నెలలే, ఆలోపు అక్కడ రెసిడెన్స్ పర్మిట్‌కి వెళ్లాలి. స్పెయిన్‌లో అయితే దిగిన నెలలోపు కార్డుకి దరఖాస్తు పెట్టాలి. అసలు పత్రాలు చేతిసంచిలోనే, పెట్టెలో వేశావో జాగ్రత్త.

ఫారం పంపే ముందు నాకోసారి ఫొటో తీసి పెట్టు. పాస్‌పోర్టులో, డిగ్రీలో పేరు స్పెల్లింగు పక్కపక్కన పెట్టి చూస్తాను. తొందరలో నువ్వు ఓ అక్షరం మింగేస్తావు.

పెదనాన్న