పాత తెరచాప పడవలో కాపురం: కొనే ముందు, కొన్న తరువాత

కొత్తగా విదేశాలకు వచ్చి, సముద్రం పక్కన ఉన్న నగరాల్లో ఉద్యోగాలు దొరికిన మనవాళ్లు ఈ మధ్య తరచుగా అడుగుతున్న ప్రశ్న ఇది. ఇంటి అద్దెలు చుక్కలు చూపిస్తున్నాయి. మరోపక్క మెరీనాల్లో, అంటే సొంత పడవలు కట్టుకునే రేవుల్లో, యజమానులు పట్టించుకోని పాత తెరచాప పడవలు కారుచవకగా, ఒక్కోసారి ఉచితంగానే దొరుకుతున్నాయి. అలాంటిది ఒకటి కొని, బాగు చేసుకుని, అందులోనే ఉండవచ్చా అని.

ఉండవచ్చు. నేను ఉన్నాను, ఆ జీవితం మీద నాకు ఇప్పటికీ మమకారం తగ్గలేదు. అందుకే ముందుగా చెబుతున్నాను: అద్దె మిగులుతుందన్న ఒక్క లెక్కతో ఈ పనికి దిగకండి. మిగిలిన అద్దె మరమ్మతులకే పోతుంది. చేతులకు పని చెప్పడం ఇష్టమైతే, పొద్దున లేవగానే గాలి ఎటు వీస్తోందో చూడటం మీకు సంతోషాన్నిస్తే, అప్పుడు రండి. వచ్చాక ఒక వరుస పాటించండి. ముందు నీళ్లు లోపలికి రాకుండా చూసుకోవాలి, తరువాత నిప్పు పుట్టకుండా చూసుకోవాలి, పరుపులూ దీపాలూ రంగులూ ఆ తరువాతే. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. లోపల కొత్త కుషన్లు మెరుస్తుంటాయి, వాటి కింద వాల్వులు తుప్పు పట్టి ఉంటాయి. సగంలో ఆగిపోయి మళ్లీ అమ్మకానికి వచ్చే పడవలు ఎక్కువగా అలాంటివే.

పడవకంటే ముందు దాన్ని నిలిపే చోటు వెతకాలి. పడవను కట్టుకోనిచ్చే మెరీనాలన్నీ అందులో కాపురం ఉండనివ్వవు. నివాసానికి విడిగా అనుమతి ఉంటుంది, చాలాచోట్ల వాటి సంఖ్యకు పరిమితి ఉంటుంది, దానికి ఎదురుచూసేవారి జాబితా కూడా ఉంటుంది. మెరీనా వారు బీమా అడుగుతారు. పాత పడవకు బీమా ఇవ్వాలంటే పడవను పరీక్షించే సర్వేయర్ నివేదిక కావాలని బీమా సంస్థ అడుగుతుంది. ఈ గొలుసులో ఒక్క లంకె తెగినా మీ చేతిలో పడవ ఉంటుంది కానీ దాన్ని పెట్టుకునే చోటు ఉండదు. వీసా మీద ఉన్నవారికి ఇంకో రెండు విషయాలున్నాయి. ఉత్తరాలకూ ప్రభుత్వ పత్రాలకూ చెల్లే చిరునామా ఏదో ముందే తేల్చుకోండి. అమెరికాలోనైతే కోస్ట్ గార్డ్ దగ్గర చేయించే పడవ నమోదు ఆ దేశ పౌరులకే పరిమితం కాబట్టి మనలాంటివారు రాష్ట్ర స్థాయి రిజిస్ట్రేషన్ చూసుకోవాలి. ఉచితంగా ఇస్తామన్నా సరే, యాజమాన్య పత్రం లేని పడవ జోలికి వెళ్లకండి. పనికిరాదని తేలిన పడవను ముక్కలు చేయించి పారేయడానికే బోలెడంత ఖర్చవుతుంది, ఆ భారం చివరి యజమాని మీదే పడుతుంది.

ఇక ఎంత పడవ? ఒంటరివారికైనా జంటకైనా 26 నుంచి 30 అడుగులది చాలు. పొడవు కొంచెం పెరిగితే బరువు, తెరచాపల కొలత, లంగరు, రంగు, మెరీనా రుసుము అన్నీ అంతకు మించి పెరుగుతాయి. 1985లో పద్దెనిమిదేళ్ల టానియా ఏబీ అనే అమ్మాయి న్యూయార్క్ నుంచి బయలుదేరి ప్రపంచాన్ని చుట్టి వచ్చింది 26 అడుగుల కాంటెస్సా రకం పడవలోనే. పాతదని వెనకాడనక్కర్లేదు. 1959లో వచ్చిన 28 అడుగుల పియర్సన్ ట్రైటన్ రకం పడవ‌ను చూడండి. స్వీడన్‌లో పుట్టి అమెరికాకు వలస వచ్చిన కార్ల్ ఆల్‌బర్గ్ దాన్ని రూపొందించాడు. ఆ తరం ఫైబర్ గ్లాస్ పడవల అడుగుభాగం మందంగా, దిట్టంగా ఉంటుంది. అవి ఇప్పటికీ నీటి మీద ఉన్నాయి. పాత పడవను దెబ్బతీసేది సాధారణంగా దాని పొట్ట కాదు, డెక్, అంటే పైన మనం నడిచే తలం.

ఈ డెక్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, పడవ కొనాలా వద్దా అన్నది ఇక్కడే తేలుతుంది కాబట్టి. డెక్ అంతా గట్టి ఫైబర్ గ్లాస్ కాదు. పైన ఒక పలుచని పొర, కింద మరో పొర, మధ్యలో బాల్సా చెక్క లేదా ప్లైవుడ్. రెండు పొరల మధ్య దూరం ఉన్నంతకాలం అది తేలికగానూ బిగువుగానూ ఉంటుంది. కానీ తాళ్లు కట్టే క్లీట్లు, తాళ్లు బిగించే వించీలు, రెయిలింగ్ కాళ్లు, కిటికీ చట్రాలు, ఇలా ప్రతి దాని కోసం ఆ డెక్‌కు చిల్లులు పెట్టారు. చిల్లు చుట్టూ పూసిన సీలెంట్ కొన్నేళ్లకు ఎండి పగులుతుంది. నీరు చుక్క చుక్కగా మధ్య చెక్కలోకి దిగుతుంది. బయటికి పోయే దారి లేక అక్కడే ఉండి చెక్కను కుళ్లబెడుతుంది. పైనుంచి చూస్తే ఏమీ కనిపించదు.

అందుకే పడవ చూడటానికి వెళ్లినప్పుడు ఒక చిన్న ప్లాస్టిక్ సుత్తి వెంట తీసుకెళ్లండి. కుండ కొనేటప్పుడు తట్టి చూసినట్టు, డెక్‌ను జానెడు జానెడు దూరంలో తట్టుకుంటూ పోండి. బాగున్న చోట శబ్దం ఖంగుమని పదునుగా వస్తుంది. తడిసిన చోట, పొరలు విడిపోయిన చోట దబ్బుమని మొద్దుగా వినిపిస్తుంది. చాక్‌పీసుతో ఆ చోట్లన్నీ గుర్తు పెట్టండి. తెరచాప కొయ్య అడుగున, దాన్ని నిలబెట్టే తీగలను పడవకు బిగించే లోహపు పట్టీలైన చైన్‌ప్లేట్ల చుట్టూ, ముందువైపు లంగరు తాళ్లు కట్టే చోట మరింత శ్రద్ధగా వినండి. తరువాత చెప్పులు విప్పి వట్టికాళ్లతో నడవండి, మెత్తబడిన చోటు పాదానికి తెలిసిపోతుంది. యజమాని ఒప్పుకుంటే లోపలివైపు నుంచి ఒక స్క్రూ విప్పించండి. గోధుమరంగు నీరు కారిందంటే సంగతి అర్థమైనట్టే.

అరచేయంత మేర తడిసి ఉంటే భయం లేదు. చిల్లును పెద్దది చేసి, చుట్టూ కుళ్లిన చెక్కను వంచిన మేకుతో గోకి తీసి, పూర్తిగా ఆరనిచ్చి, ఎపాక్సీ అనే, కలిపితే గట్టిపడే జిగురును చిక్కబరిచి నింపండి. అది గట్టిపడ్డాక దాని మధ్యలోంచి అసలు కొలత చిల్లు వేయాలి. ఇకమీదట సీలెంట్ కారినా నీరు ఎపాక్సీని తాకి ఆగిపోతుంది, చెక్క దాకా వెళ్లదు. డెక్ మీద ఉన్న ప్రతి అమరికకూ ఒక్కొక్కటిగా ఇదే చేయండి. విసుగు పుట్టించే పనే. కానీ పడవలో చేసే పనులన్నిటిలో దీనికున్నంత విలువ మరి దేనికీ లేదని నా గట్టి నమ్మకం. డెక్‌లో మూడో వంతు మొద్దుగా మోగితే మాత్రం పైపొర కోసి, లోపలిదంతా తీసేసి, కొత్త చెక్క పరిచి, మళ్లీ ఫైబర్ గ్లాస్ పొర వేయాలి. ఉద్యోగం చేసుకుంటూ, అందులోనే నివసిస్తూ చేసే పని కాదది. ఆ పడవను వదిలేయండి. చిన్న చిన్న చిల్లులు పెట్టి ఎపాక్సీ ఎక్కిస్తే సరిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి, తడి చెక్కకు ఎపాక్సీ అతుక్కోదు.

నీటి మట్టం కింద ఉన్న రంధ్రాలది తరువాతి వంతు. సింకు, టాయిలెట్, ఇంజన్ చల్లదనానికి వాడే నీరు, వీటన్నిటికీ పడవ పొట్టలో రంధ్రాలుంటాయి. ఒక్కోదానికి సీకాక్ అనే వాల్వు ఉంటుంది. నీటి మట్టానికి రెండడుగుల లోతున ఉన్న ఒక్క అంగుళం రంధ్రం తెరుచుకుంటే నిమిషానికి సుమారు వంద లీటర్ల నీరు లోపలికి వస్తుంది. మీరు ఆఫీసులో ఉన్నప్పుడు గొట్టం ఊడితే సాయంత్రానికి పడవ అడుగున ఉంటుంది. పాత పడవల్లో ఇళ్లకు వాడే ఇత్తడి వాల్వులు బిగించి ఉండటం మామూలే. ఉప్పునీటిలో ఇత్తడిలోని జింకు కరిగిపోయి, గుల్లబారిన రాగి మిగులుతుంది. చాకుతో కాస్త గీకితే పసుపు బదులు గులాబీరంగు కనిపిస్తుంది. అలా కనిపిస్తే కంచువి వేయించండి. గొట్టాల క్లాంపులు మార్చండి. ప్రతి వాల్వు పక్కనా సరిపడే చెక్క బిరడా ఒకటి దారంతో కట్టి ఉంచండి. ఈ పనుల కోసం పడవను ఒడ్డుకు ఎక్కించినప్పుడు అడుగున చిన్న బొబ్బలు కనిపిస్తే కంగారు పడకండి. ఫైబర్ గ్లాస్‌ను అతికించే పాలియెస్టర్ రెసిన్‌లోకి నీరు చేరి అలా పొంగుతుంది, గుచ్చితే వెనిగర్ వాసన వేసే ద్రవం కారుతుంది. ఆ బొబ్బల వల్ల పడవ మునగడం అరుదు. వాటిని చూపించి బేరం ఆడవచ్చు.

కొయ్యను నిలబెట్టే స్టీలు తీగల వయసు పదేళ్లు దాటిందంటే నిపుణుడికి చూపించండి. చైన్‌ప్లేట్లు డెక్‌లోకి దిగే చోట స్టెయిన్‌లెస్ స్టీలుకు గాలి తగలదు. గాలిలోని ఆక్సిజన్ లేనిదే దాన్ని కాపాడే పొర నిలవదు, అందుకే పైన తళతళలాడుతున్నా లోపల పగుళ్లు వచ్చి ఉంటాయి. బయటికి లాగి చూడటం తప్ప మరో మార్గం లేదు.

ఇక నిప్పు. వంటగ్యాసు గాలికంటే బరువైనది. ఇంట్లోలా తలుపు కింది సందుల్లోంచి బయటికి పోదు, పడవ అడుగుకు చేరి అక్కడే నిలిచి నిప్పురవ్వ కోసం కాచుకుని ఉంటుంది. సిలిండర్ ఉన్న అర లోపలికి తెరుచుకోకూడదు, దాని అడుగు నుంచి బయటికి గొట్టం ఉండాలి. పెట్రోలు ఆవిరిదీ ఇదే స్వభావం. పాత పడవల్లో అటామిక్ ఫోర్ లాంటి పెట్రోలు ఇంజన్లు ఇప్పటికీ ఉన్నాయి. అవి మంచి ఇంజన్లే, కానీ స్టార్ట్ చేసే ముందు ఆవిరిని బయటికి తోసే బ్లోయర్ ఫ్యాన్‌ను నాలుగు నిమిషాలు తిప్పడం ఒక్కరోజు కూడా మానకూడదు. కార్బన్ మోనాక్సైడ్ అలారం లేకుండా పడవలో ఒక్క రాత్రి కూడా నిద్రపోకండి. చలిదేశంలో కిటికీలన్నీ మూసి హీటర్ పెట్టుకునే కొత్తవారికి ఈ మాట నొక్కి చెబుతున్నాను.

విద్యుత్తు విషయంలో ఇంటి అలవాట్లు పనికిరావు. ఇళ్లలో గోడల్లో వేసే ఒంటి తీగ పడవ కదలికకు అలసి విరుగుతుంది. సన్నటి పోగులతో అల్లి, తగరం పూత వేసిన రాగి తీగే వాడాలి. లెడ్ బ్యాటరీలో రాసి ఉన్న సామర్థ్యంలో సగమే వాడుకోవాలి, అంతకు మించి లాగితే దాని ఆయువు తరిగిపోతుంది. ఒడ్డు నుంచి కరెంటు తెచ్చుకునే ప్లగ్గును నెలకోసారి విప్పి చూడండి. లోపలి పిన్నులు నల్లబడితే, ఆ ప్లాస్టిక్ కాస్త కరిగినట్టు అనిపిస్తే, వెంటనే మార్చండి. మెరీనాల్లో పడవలు తగలబడే కారణాల్లో ఇదొకటి.

తేమ గురించి ఎవరూ ముందుగా చెప్పరు. మన ఊపిరి, వంట ఆవిరి, తడి బట్టలు అన్నీ కలిసి చల్లటి గోడల మీద నీటి చుక్కలుగా మారతాయి. పరుపు కింద గాలి ఆడేలా చెక్క పలకల పరుపుబల్ల వేసుకోండి, ముందు ఒకటి వెనక ఒకటి గాలిగొట్టాలు పెట్టించండి. పడవ వాసన వేస్తోందంటే అనుమానం ముందు టాయిలెట్ గొట్టాల మీదికి పోవాలి. వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డను గొట్టం మీద కాసేపు చుట్టి ఉంచి వాసన చూడండి. గుడ్డకు కంపు అంటితే గొట్టంలోంచే ఊరుతోందన్నమాట, ఎన్ని సుగంధాలు చల్లినా లాభం లేదు, గొట్టం మార్చాల్సిందే. మలాన్ని ట్యాంకులోనే నిలవ చేసి మెరీనాలోని పంపు దగ్గర ఖాళీ చేయించాలి. అమెరికా తీరం నుంచి మూడు నాటికల్ మైళ్ల లోపల శుద్ధి చేయనిది నీళ్లలోకి వదిలితే చట్ట ఉల్లంఘన.

పని చేసే తీరు గురించి ఒక సలహా. ఉత్సాహం కొద్దీ లోపలంతా ఒకేసారి పీకి పడేయకండి. ఒక అర తీసుకుని, పూర్తి చేసి, తరువాతి దానికి వెళ్లండి. పడవ ఎప్పుడూ కదిలే స్థితిలో ఉండాలి, వారాంతంలో ఒక పూటైనా తెరచాప ఎత్తగలగాలి. ఆ పూట ఉంటేనే మిగతా రోజుల సాండ్‌పేపరు దుమ్ము భరించగలుగుతారు. ఎపాక్సీ చేతులకు అంటనివ్వకండి. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే ఆ అలర్జీ జీవితాంతం ఉంటుంది.

ఇంట్లో పెద్దవాళ్లు ఫోనులో భయపడతారు. ఆ భయాన్ని తేలిగ్గా తీసేయకండి, ఎందుకంటే మనలో చాలామందికి ఈత రాదు. ముందు ఈత నేర్చుకోండి, ఆ తరువాతే పడవ కొనండి. ప్రమాదం నడిసముద్రంలోనే ఉంటుందని అనుకోకండి. రాత్రిపూట, పడవ కట్టిన మంచు పట్టిన చప్టా మీద, చేతిలో సంచులతో పడవలోకి అడుగు వేసేటప్పుడు జారిపడటమే నాకు ఎక్కువ భయం. చల్లటి నీళ్లలో పడగానే ఊపిరి ఎగపోస్తుంది, కొద్ది నిమిషాల్లోనే చేతులు పట్టు తప్పుతాయి, పడవ అంచు చేతికి అందదు. కాబట్టి నీళ్లలో ఉన్న మనిషి కిందినుంచే లాగి దించుకోగల నిచ్చెన ఒకటి బిగించుకోండి. అది పనిచేస్తుందో లేదో స్వయంగా పరీక్షించండి, మెరీనాలో మాత్రం కాదు. లోపం ఉన్న పడవల నుంచి కరెంటు నీళ్లలోకి పాకుతుంది, మంచినీటిలో అది ప్రాణాంతకం. బయట లంగరు వేసిన చోట, ఎండ ఉన్న పగలు, డెక్ మీద ఒకరిని నిలబెట్టి, లైఫ్ జాకెట్‌తో, ఒంటి మీది బట్టలతోనే దిగి ఆ నిచ్చెన ఎక్కి చూడండి. ఎక్కలేకపోతే ఇంకో మెట్టు పొడిగించండి.