ఏసీ నీటి పంపు పదేపదే మోగడం గురించి సమాధానం

కడపలో మీ నడిమి గది ఏసీకి బిగించిన, ఏసీ నుంచి కారే నీటిని బయటికి తోడే పంపు ఆగిన కాసేపటికే మళ్ళీ మోగుతోందని, వానల్లో నీరు గోడ మీదికి పొర్లుతోందని రాశారు. ఈ లక్షణాలను బట్టి ముందుగా అనుమానించవలసినది మోటారును కాదు, నీటిని వెనక్కి రానీయకుండా ఆపే చెక్ వాల్వును. అందులో జిగురో దుమ్మో అడ్డుపడితే, పైకి ఎక్కిన గొట్టంలోని నీరు పంపు ఆగగానే తిరిగి పంపు తొట్టిలోకి దిగి, పంపును నడిపించే ఫ్లోటును (నీటి మీద తేలే భాగాన్ని) లేపి, అదే నీటిని మళ్ళీ మళ్ళీ తోడిస్తుంది.

మెయిన్ స్విచ్ ఆపిన తరువాతే పంపును విప్పి, తొట్టిని, ఫ్లోటును, వాల్వును గోరువెచ్చని సబ్బునీటితో మెత్తని బ్రష్షు పెట్టి కడగండి. మన సీమలోని పొడి ఎండలకు ఏసీ నుంచి నీరు తక్కువగా వస్తుంది కనుక, తొట్టిలోని జిగురు ఎండి ఫ్లోటుకు అంటుకుంటుంది. గాలిలో తేమ పెరిగి నీరు ఎక్కువయ్యేసరికి ఆ ఫ్లోటు లేవక తొట్టి పొర్లుతుంది. అందువల్ల జూన్‌కు ముందే ఒకసారి కడగడం తప్పనిసరి అని నా అభిప్రాయం.

తొట్టి మట్టంగా ఉండాలి, గొట్టంలో మడతలు ఉండకూడదు, నీటిని ఎక్కించే ఎత్తు పంపు మీద రాసిన పరిమితిని దాటకూడదు. వీటన్నిటికంటే ముఖ్యమైనది పంపులోని రక్షణ స్విచ్చు: దాని తీగలను, తొట్టి నిండితే ఏసీ ఆగిపోయేలా, ఎలక్ట్రీషియన్ చేత తప్పక కలిపించండి.

కడిగి బిగించాక తొట్టిలో కొద్దికొద్దిగా నీళ్ళు పోసి చూడండి. పంపు ఆగిన తరువాత కొత్త నీరు పోయకుండానే మట్టం పెరుగుతుంటే, వాల్వును మార్చవలసిందే.