వెరిఫికేషన్ అయిపోయినా పాస్‌పోర్టు ఎందుకు రావట్లేదు?

ప్రశ్న: మా అబ్బాయికి దుబాయ్‌లో ఏసీ టెక్నీషియన్ ఉద్యోగం ఖాయమైంది. నిజామాబాద్ పాస్‌పోర్టు సేవా కేంద్రంలో అప్లై చేశాం. కానిస్టేబుల్ ఇంటికొచ్చి వివరాలు రాసుకుని, సంతకం పెట్టించుకుని, ‘అంతా క్లియర్’ అని చెప్పి వెళ్లాడు. రెండు నెలలు దాటింది. ఆన్‌లైన్‌లో మాత్రం పోలీసు రిపోర్టు ప్రాంతీయ కార్యాలయంలో ‘అండర్ రివ్యూ’ అనే చూపిస్తోంది. 2021లో పొలం గట్టు దగ్గర గొడవైతే మా వాడి మీద కూడా కేసు పెట్టారు. తర్వాత పెద్దమనుషుల్లో రాజీ అయి, వంద రూపాయల బాండు పేపరు మీద రాసుకున్నాం. దానివల్లే ఆగిందా? మళ్లీ అప్లై చేయమంటారా?
– ఓ పాఠకుడు, జగిత్యాల జిల్లా

జవాబు: మళ్లీ అప్లై చేయకండి. ఇంటర్నెట్ సెంటర్లో మొదట ఇచ్చే సలహా అదే కాబట్టి ముందే చెబుతున్నాను. పాత ఫైలు తేలకుండా కొత్తది పెడితే చిక్కు మీద చిక్కు. కట్టిన పదిహేను వందలూ దండగే.

రిపోర్టు క్లియర్‌గా వస్తే పాస్‌పోర్టు ఇన్నాళ్లు ఆగదు. ఆలస్యం చేస్తే పోలీసు శాఖకూ నష్టమే. రిపోర్టు 21 రోజుల్లోపు పంపితే విదేశాంగ శాఖ ఒక్కోదానికి 150 రూపాయలు ఇస్తుంది, గడువు దాటితే 50 రూపాయలే. (మీరు ఎవరికీ పైసా ఇవ్వనక్కర్లేదు. ‘చాయ్ ఖర్చులు’ అడిగితే ఏసీబీ నంబరు 1064.) ‘అండర్ రివ్యూ’ అని చూపిస్తోందంటే పోలీసుల వంతు అయిపోయింది, రిపోర్టు సికింద్రాబాద్‌లోని ప్రాంతీయ పాస్‌పోర్టు ఆఫీసుకు చేరింది. అందులో ఏదో అభ్యంతరం ఉండబట్టే పక్కన పెట్టారనుకోవాలి. కానిస్టేబుల్ అబద్ధం చెప్పాడని కాదు. ఆయన మనిషినీ ఇంటినీ చూసి చెప్పాడు. పాత కేసులున్నాయా లేవా అన్నది పోలీసు రికార్డుల్లో వేరే చూస్తారు, మీ 2021 ఎఫ్ఐఆర్ అక్కడ తగిలి ఉంటుందనే నా అనుమానం.

ఇక ఆ బాండు పేపరు సంగతి. రెండు కుటుంబాల మధ్య పగ చల్లారడానికి అది పనికొచ్చింది, మంచిదే. కేసు పోవడానికి మాత్రం పనికిరాదు. ఎఫ్ఐఆర్ అయ్యాక కేసు నడిపేది ప్రభుత్వం. ఫిర్యాదు ఇచ్చినాయన ఊళ్లో రాజీపడినంత మాత్రాన కోర్టులో ఫైలు మూతపడదు. గల్ఫ్ వెళ్లబోతూ నా దగ్గరికొచ్చే కుర్రాళ్లలో చాలామంది ఇంట్లో బీరువాలో ఇలాంటి కాగితం ఒకటి ఉంటుంది. వాయిదాలకు వెళ్లక వారెంటు పడిన సంగతి కూడా కొందరికి తెలియదు.

కాబట్టి ఆ కేసు ఏ దశలో ఉందో ముందు తేల్చుకోండి. ఫోన్లో ఈ-కోర్ట్స్ యాప్ తెరిచి, మీ కోర్టు ఎంచుకుని, ఎఫ్ఐఆర్ నంబరుతో వెతికే చోట స్టేషన్ పేరు, నంబరు, సంవత్సరం కొట్టండి. సీసీ నంబరు (కోర్టు కేసుకు ఇచ్చే నంబరు) వచ్చిందంటే చార్జిషీటు పడి, కోర్టు కేసును విచారణకు తీసుకుందన్నమాట. ఏమీ రాకపోయినా నిశ్చింతగా ఉండిపోకండి, మేజిస్ట్రేటు కోర్టు ఆఫీసులో కూడా ఒకసారి కనుక్కోండి.

ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణముంది. పాస్‌పోర్టు చట్టం, 1967లోని సెక్షన్ 6(2)(ఎఫ్) ప్రకారం దరఖాస్తుదారుపై ‘క్రిమినల్ కోర్టులో’ కేసు పెండింగులో ఉంటేనే పాస్‌పోర్టు నిరాకరించవచ్చు. ఉత్త ఎఫ్ఐఆర్, ఇంకా దర్యాప్తులో ఉన్న కేసు దీని కిందికి రావని విదేశాంగ శాఖే 2019 అక్టోబర్ 10 నాటి మెమోలో స్పష్టం చేసింది. మీది ఆ దశ దాటకపోతే, ఆ మెమోను ప్రస్తావిస్తూ ప్రాంతీయ పాస్‌పోర్టు అధికారికి ఒక పేజీ వినతిపత్రం ఇవ్వండి. ఎంక్వయిరీ అపాయింట్‌మెంట్ తీసుకుని మీ అబ్బాయే స్వయంగా వెళ్తే మంచిది.

సీసీ నంబరు ఉంటే దారి వేరు. గట్టు తగాదాల్లో అప్పట్లో మామూలుగా పెట్టిన ఐపీసీ (2024 జులై దాకా అమల్లో ఉన్న పాత శిక్షాస్మృతి) 323, 341, 506 సెక్షన్లు రాజీకి వీలైనవే. ఫిర్యాదుదారును తీసుకుని లోక్ అదాలత్‌కు వెళ్లి రాజీని రికార్డు చేయించండి. అలా జరిగితే చట్టం దృష్టిలో మీ వాడు నిర్దోషిగా విడుదలైనట్టే. సెక్షన్ 324 కూడా పెట్టి ఉంటే అక్కడ రాజీ కుదరదు, కేసు కొట్టేయమని హైకోర్టులో క్వాష్ పిటిషన్ వేసుకోవాలి.

అంత వ్యవధి లేదా? కేసు నడుస్తున్న కోర్టులోనే విదేశం వెళ్లేందుకు అనుమతి కోరుతూ పిటిషన్ వేయండి. 1993 ఆగస్టు 25 నాటి జీఎస్ఆర్ 570(ఈ) నోటిఫికేషన్ ప్రకారం కోర్టు అనుమతి ఉన్నవాళ్లకు సెక్షన్ 6(2)(ఎఫ్) అడ్డురాదు. ఇక్కడ చాలామంది వకీళ్లు కూడా ఒక మాట మరచిపోతుంటారు. పాస్‌పోర్టు ఎంత కాలానికి ఇవ్వాలో ఆర్డర్‌లో రాసి ఉండాలి. ఆర్డర్‌లో గడువు లేకపోతే ఒక్క ఏడాదికే ఇస్తారు. ఏడాది పాస్‌పోర్టుతో గల్ఫ్ ఉద్యోగం కష్టం. ఎన్నేళ్లకు కావాలో పిటిషన్‌లోనే అడగమని మీ వకీలుకు గట్టిగా చెప్పండి.

ఒకవేళ కేసు కోర్టులో ఎప్పుడో కొట్టేసి ఉండి, పోలీసు రికార్డులో మాత్రం అలాగే ఉండిపోయిందనుకోండి. అదీ జరుగుతుంటుంది. తీర్పు సర్టిఫైడ్ కాపీ తీసి ఒకటి ఎస్పీ ఆఫీసులో, ఒకటి పాస్‌పోర్టు ఆఫీసులో ఇచ్చి, మళ్లీ వెరిఫికేషన్‌కు పంపమని రాతపూర్వకంగా అడగండి.

మీరు రాయలేదు గానీ నన్ను కలవరపెడుతున్న విషయం ఇంకొకటుంది. దరఖాస్తులో క్రిమినల్ కేసులున్నాయా అన్న చోట ఏం పెట్టారు? నింపిన కుర్రాడు అన్నింటికీ ‘లేదు’ కొట్టేసి ఉంటే, అది మీ అబ్బాయి చెప్పినట్టే లెక్క. తెలిసి తప్పుడు సమాచారం ఇవ్వడం పాస్‌పోర్టు చట్టం సెక్షన్ 12 కింద నేరం. రెండేళ్ల వరకు జైలు, ఐదు వేల వరకు జరిమానా, లేదా రెండూ. భయపెట్టడానికి చెప్పడం లేదు. రాజీతో కేసు పోయిందనుకున్నామని నిజం నిజంగా రాసివ్వండి. షోకాజ్ నోటీసు వచ్చి ఉందేమో లాగిన్‌లో, పోస్టాఫీసులో చూసుకోండి. దానికి గడువులోగా జవాబివ్వకపోతే ఫైలు మూసేస్తారు, అప్పుడు కొత్త దరఖాస్తు తప్పదు.

ఆఫీసులో ఎవరూ సరిగా చెప్పకపోతే పది రూపాయల పోస్టల్ ఆర్డర్‌తో ఆర్టీఐ వేయండి. ‘ఎందుకు ఆపారు’ అని అడిగితే గోడ మీది పిల్లిలాంటి జవాబే వస్తుంది. ‘ఈ ఫైలు నంబరుపై పోలీసు రిపోర్టు ఏ తేదీన అందింది, అందులోని సిఫారసు ఏమిటి, దాని కాపీ ఇవ్వగలరు’ అని అడగండి. 30 రోజుల్లో జవాబు రావాలి. పాస్‌పోర్టు నిరాకరిస్తే కారణాలు రాతలో ఇవ్వాలని పాస్‌పోర్టు చట్టం సెక్షన్ 5 చెబుతోంది, ఆ ఉత్తర్వుపై సెక్షన్ 11 కింద 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. ఇవ్వకా, కాదనకా నాన్చుతుంటే హైకోర్టులో రిట్ వేయవచ్చు. విదేశానికి వెళ్లే హక్కు ఆర్టికల్ 21లో భాగమని, చట్టబద్ధమైన న్యాయమైన పద్ధతిలో తప్ప దాన్ని ఆపకూడదని మేనకా గాంధీ కేసులో 1978లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఇలాంటి రిట్లలో ఎక్కువగా ఫలానా గడువులోగా నిర్ణయం తీసుకోండని ఆదేశమిస్తారు. అలాగని కోర్టులో కేసు పెండింగులో ఉంచుకుని నేరుగా రిట్‌కు వెళ్తే లాభం తక్కువ. ముందు కింది కోర్టు అనుమతి తెమ్మంటారు.

ఈలోగా దుబాయ్ కంపెనీకి మెయిల్ పెట్టి, చేరే తేదీ పొడిగిస్తూ ఒక లేఖ తెప్పించుకోండి. ఆఫర్ లెటర్‌తో పాటు దాన్ని పిటిషన్‌కు జతచేస్తే మీ తొందర నిజమైనదేనని మేజిస్ట్రేటుకు వేరే చెప్పనక్కర్లేదు.