క్రాస్‌ఫేడ్ వేస్తే బొమ్మ క్షణం ఆగినట్టు ఎందుకు కనిపిస్తుంది?

ఆర్కే బీచ్ అలల క్లిప్ నుంచి కైలాసగిరి రోప్‌వే క్లిప్‌కి మారేచోట క్రాస్ డిజాల్వ్ (ఒక క్లిప్ మెల్లగా మసకబారుతూ రెండోది తేలివచ్చే క్రాస్‌ఫేడ్) వేస్తే బొమ్మ క్షణం ఆగిపోతోందని అడిగారు. కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే, కట్ దగ్గర, అంటే రెండు క్లిప్పులూ కలిసేచోట, అదనపు ఫుటేజ్ లేకపోవడం. క్రాస్‌ఫేడ్ నడిచినంతసేపూ రెండు క్లిప్పులూ ఒకేసారి ఆడాలి కదా. సెకనుకు 25 ఫ్రేముల వీడియోలో 1 సెకను ట్రాన్సిషన్‌ని కట్ మధ్యలో పెడితే, మొదటి క్లిప్ చివర, రెండో క్లిప్ మొదట్లో వాడని ఫుటేజ్ సుమారు 12 ఫ్రేములు చొప్పున మిగలాలి. ఆ మేరకు క్లిప్పుల అంచులు ట్రిమ్ చేసి (కత్తిరించి), కట్‌ని ఎంచుకుని, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలో ప్రీమియర్ ప్రోలో అయితే కంట్రోల్ డి, డావిన్చీ రిజాల్వ్‌లో అయితే కంట్రోల్ టి నొక్కండి.

అలల హోరు టక్కున తెగిపోతే ఎంత మంచి డిజాల్వ్ అయినా అతుకు తెలిసిపోతుంది. అందుకే ఆడియోకీ క్రాస్‌ఫేడ్ పడిందో లేదో తప్పకుండా చూడండి, చాలామంది దీన్నే వదిలేస్తారు.