కుక్కపిల్ల ఖర్చు గురించి శ్రావణికి పెద్దమ్మ రాసిన ఉత్తరం

తెనాలి

చి. శ్రావణికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటో చూశాం. మీ పెదనాన్న ఫోను నా చేతిలోంచి లాక్కుని, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని మరీ చూశారు. లాబ్రడార్ ఆడపిల్ల, 50 రోజులది, 22 వేలు పెట్టి కొన్నానని రాశావు. ధర సంగతి నేనేమీ అనను, ఎలాగూ కొనేశావు. "నెలకి ఎంతవుతుంది పెద్దమ్మా?" అని అడిగావు చూడు, అది కొనకముందు అడగాల్సింది. సరే, ఇప్పటికైనా అడిగావు.

ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను. పాల లెక్క పుస్తకం వెనక పేజీల్లో కుక్కల ఖర్చు రాసుకోవడం నాకు 30 ఏళ్ల అలవాటు. ఆ పేజీలే ముందేసుకుని కూర్చున్నా. టీకాలకీ మందులకీ పెట్టిన డబ్బు ఏ నెలా మా మీద బరువు కాలేదు. "రేపు చూద్దాంలే" అనుకున్నప్పుడల్లా మాత్రం వేలల్లో పోయింది. ఒకసారి కుక్క కూడా పోయింది. దాని సంగతి తర్వాత చెబుతాను.

ముందు టీకాలు. అమ్మినవాడు మొదటి టీకా వేయించేశానని చెప్పే ఉంటాడు. నమ్మకు, కార్డు అడుగు. టీకా సీసా మీంచి ఒలిచి అంటించిన స్టిక్కరు, తేదీ, డాక్టరు సంతకం ఉంటేనే వేసినట్టు. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటిది, ఆ తర్వాత మూడు నాలుగు వారాలకొకటి, 16 వారాలు నిండేదాకా. పార్వో, డిస్టెంపర్, హెపటైటిస్, లెప్టో, ఈ జబ్బులన్నిటికీ కలిపి ఒకే సూదిలో ఇస్తారు. రేబిస్‌ది వేరు. మూడు నెలలు నిండాక వేయించి, బూస్టరు ఎప్పుడో డాక్టరు రాసిన ప్రకారం వేయించి, ఆపైన ఏడాదికొకటి. మా ఊళ్లో కలిపి వేసే టీకాకి ఫీజుతో సహా 700 నుంచి 800, రేబిస్‌కి 300 దాకా తీసుకుంటున్నారు. మీ మియాపూర్‌లో రెట్టింపు వేసుకో.

జూలై 6న జూనోసిస్ దినం, అంటే జంతువుల నుంచి మనుషులకి సోకే జబ్బుల దినం అని చెప్పి ప్రభుత్వ పశువైద్యశాలల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. 1885లో అదే రోజు పాశ్చర్ ఒక పిల్లాడికి తొలి రేబిస్ టీకా వేశాడు, అందుకని ఆ తేదీ. మా వీధి వాళ్లం ఏటా ఆ రోజు పొద్దున్నే పోతాం. కుక్కల కంటే మేమే ఎక్కువ అరుచుకుంటాం అక్కడ. టీకా కార్డు మాత్రం పోగొట్టకు. మున్సిపాలిటీ లైసెన్సుకి అదే కావాలి, మీ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్లు గొడవకొచ్చినా అదే చూపించాలి.

టీకాలు పూర్తయ్యేదాకా పిల్లని కింద పార్కులో దింపకు. దాని ఈడుకి భయపడాల్సింది పార్వోకి. తిండి మానేస్తుంది, వాంతులు, ఆ తర్వాత రక్తంతో నీళ్ల విరేచనాలు. ఆ వాసన ఒక్కసారి చూస్తే జన్మలో మర్చిపోవు. వైరస్ నేలలో నెలల తరబడి బతికే ఉంటుంది. మామూలు ఫినాయిల్‌కి లొంగదు, బ్లీచింగ్ కావాలి. మా పక్కింటి వాళ్ల కుక్కపిల్ల ఐదు రోజులు సెలైన్ల మీద ఉండి బతికింది. 18 వేలైంది. వాళ్లు ఎగ్గొట్టింది 800 రూపాయల టీకా.

నులిపురుగుల మందు పెద్ద ఖర్చు కాదు, వందలోపే. మూడు నెలలు వచ్చేదాకా రెండు వారాలకోసారి, ఆరు నెలలదాకా నెలకోసారి, తర్వాత మూడు నెలలకోసారి. బరువును బట్టి ఇవ్వాలి కాబట్టి దాన్ని ఎత్తుకుని నువ్వు కాటా ఎక్కు, తర్వాత నువ్వొక్కదానివే ఎక్కి అందులోంచి తీసెయ్.

ఇక గోమార్లు. కొందరు పిడుదులంటారు. వీటి గురించి కాస్త ఎక్కువే రాస్తాను, విసుక్కోకు.

ఇప్పుడున్న మా కుక్క బుజ్జికి ప్రతి ఆదివారం కాఫీ తాగాక ఒళ్లంతా చూస్తాను. ఒక పాత స్టీలు గ్లాసులో సబ్బు నీళ్లు, ఒక పట్టకారు, అంతే సామాను. వెనక వరండాలో ఎండ పడేచోట కూర్చుని దాన్ని ఒళ్లో వెల్లకిలా పడుకోబెడతా. మొదట చెవి తిరగేసి లోపలి మడత చూస్తా. తర్వాత గొంతు కింద పట్టీ ఉండేచోట, చంకలు, తోక మొదలు, చివరికి కాలివేళ్ల సందులు. వేళ్లతో వెంట్రుకలకి ఎదురు నిమురుతూ పోతే నువ్వుగింజంతది కూడా తగులుతుంది. రక్తం తాగి ఉబ్బితే ఆముదపు గింజలా ఉంటుంది. చర్మానికి ఆనించి పట్టుకుని తిన్నగా పైకి లాగి గ్లాసులో వెయ్యాలి. మెలితిప్పొద్దు, గోటితో నలపొద్దు, నేలమీద తొక్కొద్దు. పది నిమిషాల పని. పైగా ఏ కురుపు ఉందో, చెవి వాసన వస్తోందో, చిగుళ్లు పాలిపోయాయో అప్పుడే తెలిసిపోతుంది. పిల్లకి ఇప్పటినుంచే అలవాటు చెయ్, పెద్దయ్యాక 30 కిలోల లాబ్రడార్‌ని వెల్లకిలా తిప్పలేవు.

కుక్క ఒంటిమీద పదే కనబడ్డాయని సంబరపడకు. గుడ్లు పెట్టేది దాని మీద కాదు, గోడ బీటల్లో, మంచం కింద, తలుపు చెక్క సందుల్లో. ఒక్క ఆడది వేలకొద్దీ పెడుతుంది. కాబట్టి కుక్కకి మందూ వెయ్యాలి, ఇల్లూ దులపాలి. మెడ వెనక చర్మం మీద వేసే చుక్కల మందు నెలకి 400 నుంచి 500. వేసే ముందు రెండు రోజులు, వేశాక రెండు రోజులు స్నానం చేయించకు. నోటి మాత్రలు బాగా పనిచేస్తాయి, దాని బరువు పెరిగేకొద్దీ నెలకి వెయ్యి దాటుతుంది. ఏది వాడాలో డాక్టరు చెబుతాడు. గేదెలకి వాడే పిడుదుల మందు ఎవరో నీళ్లలో కలిపి పోయమంటారు, ఆ జోలికి మాత్రం పోకు.

పోయిన కుక్క అన్నానే, అది జిమ్మీ. నీకు గుర్తుందో లేదో, నువ్వు చిన్నదానివి. మే నెల. రెండు రోజులు అన్నం వదిలేసింది. ఎండలకి అనుకున్నా. నేనే అనుకున్నా, మీ పెదనాన్న డాక్టరు దగ్గరికి పోదామనే అన్నారు. మూడో రోజు ఒక క్లినిక్‌కి తీసుకెళ్తే రక్తం చూడకుండానే జ్వరం ఇంజక్షను చేసి పంపించారు. ఆ మర్నాడు హాల్లో గచ్చు మీద ఎర్రటి చుక్కలు, వాకిలిదాకా. ముక్కులోంచి రక్తం. చిగుళ్లు సున్నం కొట్టినట్టున్నాయి. కారు మాట్లాడుకుని గన్నవరం వెటర్నరీ కాలేజీకి తీసుకెళ్లాం. రక్తం చూస్తే ప్లేట్‌లెట్లు 18 వేలు. రెండు లక్షలకి పైన ఉండాలిట. గోమార్ల జ్వరం. రెండు రోజులు ఉంది. పుస్తకంలో ఆ పేజీలో 9,400 అని ఉంది, దాని కింద "మందులు వాపసు, 310 వచ్చింది" అని రాసి ఉంది.

అందుకని చెబుతున్నా, ఒక రోజంతా తిండి ముట్టకపోయినా, నీరసంగా పడుకున్నా వెంటనే తీసుకెళ్లు. డాక్టరు అనకపోతే నువ్వే "రక్తం చూద్దామా అండీ" అని అడుగు, మొహమాటపడకు. ఆ పరీక్షకి 500 నుంచి 800. గోమార్ల జ్వరం తొలి రోజుల్లో దొరికితే డాక్సీసైక్లిన్ మాత్రలతో చాలావాటికి తగ్గిపోతుంది. మామూలుగా 28 రోజులు వాడమంటారు. వారానికే గంతులేస్తోందని ఆపేస్తారు చూడు, అదే తప్పు. తిండి పెట్టాకే వెయ్యాలి. చీటీ మీద మందు పేరు చూసి జన ఔషధి దుకాణంలో అడుగు, మనుషులకి అమ్మే అదే మాత్ర చాలా తక్కువకి వస్తుంది. డోసు మాత్రం డాక్టరు చెప్పిందే.

థర్మామీటరు ఒకటి దానికని విడిగా కొను, 150 రూపాయలు. వెనక నుంచి పెట్టి చూడాలి కాబట్టి దాని మీద నెయిల్ పాలిష్‌తో గుర్తు పెట్టు. మీ పెదనాన్న ఒకసారి నోట్లో పెట్టుకున్నారు, ఇప్పటికీ ఒప్పుకోరు. కుక్కకి 101 నుంచి 102.5 దాకా మామూలే. 103 దాటితే ఫోన్ చెయ్. మనం వేసుకునే పారాసెటమాల్, నొప్పి మాత్రలు ఇచ్చావంటే కాలేయం, కిడ్నీలు పోతాయి. ఉల్లిపాయ, చాక్లెట్, షుగర్ లేని చూయింగ్ గమ్ పనికిరావు. పాయసంలో కిస్‌మిస్ కూడా. అన్నం, ఉప్పు కారం లేకుండా ఉడికించిన చికెన్, గుడ్డు, గుమ్మడికాయ పెట్టొచ్చు. ఎదిగే పిల్లకి అదొక్కటే చాలదు, పిల్లల డ్రై ఫుడ్ కూడా పెట్టు.

ఆడపిల్ల కాబట్టి ఇంకోటి. పిల్లల్ని వేయించే ఉద్దేశం లేకపోతే ఆపరేషను చేయించు. ఎదకి వచ్చిన కొన్ని వారాలకి గర్భసంచిలో చీము పట్టే జబ్బు రావచ్చు. వస్తే నీళ్లు విపరీతంగా తాగుతుంది, కింద చీము కారుతుంది, కొన్నిసార్లు అదీ కనబడదు. అప్పుడు చేసే ఆపరేషనుకి డబ్బూ ఎక్కువ, ప్రాణానికి గండం కూడా. పెద్ద జాతి కాబట్టి ఏ వయసులో చేయించాలో డాక్టరునే అడుగు. ప్రైవేటులో 8 నుంచి 12 వేలు అనుకో. నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది, రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఉంది. ప్రైవేటుతో పోలిస్తే అక్కడ ఖర్చు చాలా తక్కువ. పొద్దున్నే వెళ్లాలి, బెంచీ మీద కూర్చోవాలి, పక్కన మేక కూడా ఉండొచ్చు. నామోషీ పడకు.

ఇప్పుడు నీ లెక్క. టీకాలు, నులిపురుగులు, గోమార్ల మందు అన్నీ ఏడాదికి కలిపి నెలకి పంచితే 1,500 దగ్గర తేలుతుంది. తిండి పెద్దయ్యాక 4 వేలు. ఇంకో వెయ్యి బ్యాంకులో ఆర్‌డీ వెయ్, దాని పేరునే అనుకుని ముట్టుకోకు. ఇన్సూరెన్స్ అని ఎవరైనా వస్తే ఏమేం ఇవ్వరో రాసిన పేజీ ముందు చదువు.

పాలపళ్లతో నిన్ను కొరుకుతుంది, గీరుతుంది. చర్మం గీరుకుపోయినా, రక్తం వచ్చినా కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడుక్కుని అదే రోజు ఆసుపత్రికి వెళ్లు. మన కుక్కే కదా అనుకోవద్దు, దానికింకా రేబిస్ టీకా పడలేదు.

గోళ్లు మాత్రం నువ్వు కత్తిరించకు. నల్ల గోళ్లయితే లోపలి రక్తనాళం కనబడదు, ఒక్కసారి తెగిందంటే మళ్లీ కాలు చేతికివ్వదు. వచ్చే నెల మేం వస్తాం కదా, అప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని చూపిస్తా. ఈలోగా ఆ టీకా కార్డు ఫోటో తీసి పంపు, స్టిక్కరు కనబడేలా. బరువెంతో కూడా రాయి. పేరేం పెట్టావో చెప్పనే లేదు, మీ పెదనాన్న అడుగుతున్నారు.

ఇట్లు,
మీ పెద్దమ్మ